మీ డీ అండ్ డీ క్యాంపెయిన్ మధ్యలోనే ఎందుకు ఆగిపోతోంది? ప్లేయర్ల బాధలు, డీఎం తప్పులు

పోయిన ఎపిసోడ్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఎలా మొదలుపెట్టాలో చెప్పుకున్నాం కదా. దాని తర్వాత చాలామంది అడిగింది ఒకటే. "అన్నా, మొదలైతే పెట్టాం. నాలుగైదు సెషన్లు సూపర్‌గా నడిచింది. ఆ తర్వాత ఒక్కొక్కడూ జారుకున్నాడు. ఎందుకు?" ఈ రోజు ఆ "ఎందుకు" గురించే మాట్లాడదాం. ఇది నాకూ జరిగింది. నిజం చెప్పాలంటే, నా వల్లే జరిగింది.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క నిమిషం. ఇది మాటలతో ఆడే ఆట. నలుగురైదుగురు ప్లేయర్లు, ఒక్కొక్కరికీ ఒక పాత్ర. ఒకడు దొంగ, ఒకామె మంత్రగత్తె, ఇంకొకరు యోధుడు. మిగతా ప్రపంచం మొత్తం, రాజు నుంచి రాక్షసుడి దాకా, ఒక్కరి చేతిలో ఉంటుంది. ఆ ఒక్కరే డంజన్ మాస్టర్, షార్ట్‌గా డీఎం. ప్లేయర్ "నేను గోడ దూకుతా" అంటాడు, ఇరవై ముఖాల పాచిక వేస్తాడు, దూకాడో కింద పడ్డాడో డీఎం చెప్తాడు. ఇలా వారం వారం, నెలల తరబడి నడిచే పెద్ద కథే క్యాంపెయిన్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేసిన ఈ ఆట 1974లో బయటికొచ్చింది.

ఇప్పుడు నా కథ. 2020 లాక్‌డౌన్ టైమ్‌లో మా కాలేజీ గ్యాంగ్ అంతా ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లం. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి. మాలో ఒకడు డల్లాస్‌లో ఉండేవాడు, వాడికి అప్పుడు పొద్దున పదకొండు. కాఫీ కప్పుతో కూర్చునేవాడు. నేను డీఎం. ఆఫీసులో డిజైన్ డాక్యుమెంట్ కూడా అంత శ్రద్ధగా రాసి ఉండను, నలభై పేజీల కథ రాసుకున్నా. విలన్ డైలాగులతో సహా.

కథలో వీళ్లంతా జైల్లో పడ్డారు. నా ప్లాన్ ఏంటంటే, జైలు మీద డ్రాగన్ దాడి చేస్తుంది, ఆ గొడవలో వీళ్లు ఫైట్ చేసి తప్పించుకుంటారు. పెద్ద ఇంటర్వెల్ బ్యాంగ్ అన్నమాట. కానీ డల్లాస్ వాడిది దొంగ పాత్ర. వాడు కాపలావాడితో మాట కలపడం మొదలుపెట్టాడు. మూడు సెషన్లు. వాడి ఊరు కనుక్కున్నాడు, కూతురి పెళ్లికి డబ్బు చాలట్లేదని తెలుసుకున్నాడు, దాచిన బంగారం చోటు చెప్తా, తలుపు తియ్యమని బేరం పెట్టాడు. నేనేం చేశానో తెలుసా? మరుసటి వారం ఆ కాపలావాడిని ట్రాన్స్‌ఫర్ చేసేశా. "ఈ రోజు కొత్త గార్డ్ వచ్చాడు, వీడు మాట్లాడడు" అన్నా. తర్వాత డ్రాగన్ వచ్చింది. ఫైట్ అదిరింది అనుకున్నా. ఆ తర్వాత రెండు వారాలకి వాడు "ఆఫీసులో పని ఎక్కువైంది రా" అన్నాడు. ఇంకో నెలకి క్యాంపెయిన్ ఆగిపోయింది.

ఏడాదిన్నర తర్వాత ఒక ఫ్రెండ్ పెళ్లిలో పక్కపక్కన భోజనానికి కూర్చున్నాం. అప్పుడు అడిగా, ఎందుకు మానేశావురా అని. వాడు నవ్వుతూనే చెప్పాడు. "నేను లేకపోయినా నీ కథ నడిచేది కదరా. మరి నేనెందుకు?"

ప్లేయర్లు చెప్పే కంప్లైంట్లు చాలా ఉంటాయి. కానీ ఒక్కొక్కటీ విప్పి చూస్తే అడుగున ఎక్కువసార్లు ఈ ప్రశ్నే ఉంటుంది: "మరి నేనెందుకు?" ఒక్కో కంప్లైంట్ చూద్దాం.

మొదటిది, నాది చేసిన తప్పే. దీన్ని రైల్‌రోడింగ్ అంటారు. రైల్లో కూర్చున్నాక కిటికీలోంచి చూడొచ్చు గానీ బండి తిప్పలేం కదా, అలా. మీరు ఎడమకి వెళ్తానంటే వంతెన కూలిపోయి ఉంటుంది. కుడికి వెళ్తానంటే వరద వస్తుంది. డీఎం రాసుకున్న దారి ఒక్కటే తెరిచి ఉంటుంది. దీనికి ఇంకా తెలివైన వెర్షన్ ఉంది, దానికి ఆటగాళ్లు పెట్టిన పేరు క్వాంటమ్ ఓగ్రే. రెండు దార్లు చూపిస్తారు, ఏ దారిలో వెళ్లినా అదే రాక్షసుడు ఎదురొస్తాడు. ఒకసారి చేస్తే ఎవరికీ తెలీదు. ప్రతిసారీ చేస్తే ప్లేయర్లు కనిపెట్టేస్తారు. ఆ తర్వాత ఏ దారిలో వెళ్లాలో ఎవరూ ఆలోచించరు, ఫోన్ చూసుకుంటూ "ఏదో ఒకటి" అంటారు. మీ టేబుల్ దగ్గర "ఏదో ఒకటి" అనే మాట ఎక్కువైందంటే అర్థం చేసుకోండి.

రెండోది, డీఎం సొంత హీరో. పార్టీతో పాటు తిరిగే ఒక పాత్రని డీఎం తనే ఆడతాడు. అందగాడు, బలవంతుడు, అన్నీ తెలిసినవాడు. చివరి దెబ్బ ఎప్పుడూ వాడిదే. అంటే మనం ఐదుగురం వెళ్లి హీరో పక్కన కమెడియన్ ఫ్రెండ్స్ వేషం వేసి వచ్చినట్టు.

మూడోది, ఆట ఒక్క పాచిక దగ్గర ఆగిపోవడం. ఇది ఇంజనీర్లకి బాగా అర్థమవుతుంది. హత్య జరిగిన గదిలో ఒక ఉత్తరం దాచారు. అది దొరికితేనే కథ ముందుకెళ్తుంది. దొరకాలంటే మొత్తం 15 రావాలి, మీ పాత్రకి 3 బోనస్ ఉంది. అంటే పాచిక మీద 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. ఇరవైలో తొమ్మిది ముఖాలు. 45 శాతం. సగం కంటే ఎక్కువసార్లు దొరకదు! అప్పుడు అందరూ గంటసేపు ఆ గదిలోనే మంచం కింద, బీరువా వెనక వెతుకుతుంటారు. ఇది సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఒక్క సర్వర్ మీద మొత్తం యాప్ పెట్టినట్టే.

దీనికి జస్టిన్ అలెగ్జాండర్ అనే గేమ్ డిజైనర్ చెప్పిన సింపుల్ రూల్ ఉంది, త్రీ క్లూ రూల్. ప్లేయర్లకి ఏదైనా తెలియాలి అనుకుంటే కనీసం మూడు ఆధారాలు పెట్టండి. లెక్క చూడండి. ఒక్కోటి తప్పిపోయే అవకాశం 55 శాతం అనుకుంటే, మూడూ తప్పిపోయే అవకాశం దాదాపు 17 శాతమే. అంటే 83 శాతం సార్లు కనీసం ఒకటి దొరుకుతుంది. ఇంకో మంచి విషయం, మూడు దార్లు ఉన్నాయి కాబట్టి ఏది పట్టుకోవాలో ప్లేయర్ చేతిలోకి వస్తుంది.

నాలుగోది, మన వంతు కోసం ఎదురుచూపు. ఫైట్ మొదలైందనుకోండి. ఐదుగురు ప్లేయర్లు, వాళ్ల తర్వాత డీఎం ఆడించే రాక్షసులు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు వేసుకున్నా, మీ వంతు అయ్యాక మళ్లీ మీ దాకా రావడానికి ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలు ఆగి, పాచిక వేస్తే 4 పడింది. "మిస్. నెక్స్ట్." మళ్లీ ఇరవై నిమిషాలు. ఇక్కడ మనిషికి కోపం రాదు, నిద్ర వస్తుంది. డీఎం చేయగలిగింది చిన్నదే. "ఇప్పుడు నీది, తర్వాత నీది, రెడీగా ఉండు" అని ముందే చెప్పడం. మిస్ అయినా ఏదో ఒకటి జరగనివ్వడం. కత్తి తగల్లేదు, కానీ రాక్షసుడు ఒక అడుగు వెనక్కి వేశాడు, వెనక లోయ ఉంది. అప్పుడు తర్వాతి ప్లేయర్‌కి ఒక ఐడియా వస్తుంది.

ఇక ప్లేయర్ల వైపు కూడా ఒక తప్పు చెప్పాలి, లేకపోతే డీఎంలు నన్ను కొడతారు. 2015లో క్రిటికల్ రోల్ అనే షో మొదలైంది. అప్పట్లో మ్యాట్ మెర్సర్ డీఎం, ఆడినవాళ్లంతా ప్రొఫెషనల్ వాయిస్ యాక్టర్లు. చాలా బాగుంటుంది. కానీ అది చూసి వచ్చి, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి మీకోసం మూడు గంటలు కూర్చున్న ఫ్రెండ్‌ని "నువ్వు గొంతులు మార్చట్లేదేంట్రా" అనడం అన్యాయం. దీనికి మ్యాట్ మెర్సర్ ఎఫెక్ట్ అని పేరు కూడా వచ్చేసింది. గొంతు మార్చడం నైపుణ్యం, అది అందరికీ ఉండదు. ప్లేయర్ చెప్పింది వినడం మాత్రం ఎవరైనా చేయొచ్చు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన చరిత్ర ముక్క. డీ అండ్ డీ కంటే ముందు, 1960ల చివర్లో, అమెరికాలోని మినియాపోలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలో డేవిడ్ వెస్లీ అనే ఆయన ఒక యుద్ధ ఆట నడిపించాడు. నెపోలియన్ కాలం, బ్రౌన్‌స్టీన్ అనే కల్పిత ఊరు. సైన్యాలతో పాటు ఊళ్లోవాళ్ల పాత్రలు కూడా కొందరికి ఇచ్చాడు. ఏమైందంటే, సైన్యాల యుద్ధం పక్కకి పోయింది. ప్లేయర్లు ఒకరి మీద ఒకరు కుట్రలు మొదలుపెట్టారు, ఇద్దరు ద్వంద్వ యుద్ధానికి దిగారు. దానికి ఆయన దగ్గర రూల్ కూడా లేదు, అప్పటికప్పుడు పాచికలు వేయించాడు. ఆట మొత్తం చెయ్యి జారిపోయింది, ఫెయిల్ అయ్యానని వెస్లీ అనుకున్నాడు. కానీ ప్లేయర్లు వచ్చి "మళ్లీ ఎప్పుడు?" అని అడిగారు. ఆ గుంపులో ఉన్న డేవ్ ఆర్నెసనే తర్వాత డీ అండ్ డీ తయారుచేసిన ఇద్దరిలో ఒకడు. అంటే ప్లాన్ పాడైపోయిన చోటే ఈ ఆట పుట్టింది. నేను నలభై పేజీలు పట్టుకుని ఆ పుట్టిన చోటునే మూసేశా.

సరే, మీ క్యాంపెయిన్‌లో ఇలా ఉంటే ఏం చేయాలి?

మీరు ప్లేయర్ అయితే, మౌనంగా మానేయకండి. అలాగని ఆట మధ్యలో గొడవ పెట్టుకోకండి. సెషన్ అయ్యాక డీఎంకి విడిగా ఫోన్ చేయండి. "బోర్ కొడుతోంది" అంటే వాడికి ఏమీ అర్థం కాదు. బగ్ రిపోర్ట్ ఎలా రాస్తాం? ఏం చేశాం, ఏం జరుగుతుందనుకున్నాం, ఏం జరిగింది. అలాగే చెప్పండి. "మూడు వారాలు కాపలావాడితో మాట్లాడా. దాని వల్ల ఏదో ఒక తేడా వస్తుందనుకున్నా. వాడిని తీసేశావు. నాకు బాధేసింది." నాలుగు ముక్కలు. ఇది ఆ రోజు మావాడు నాకు చెప్పి ఉంటే నేను రోషపడేవాణ్ణేమో, కానీ క్యాంపెయిన్ బతికేది.

మీరు డీఎం అయితే మూడు పనులు. ఒకటి, ఆట మొదలవకముందే సెషన్ జీరో పెట్టండి. పాచికలు వద్దు, కూర్చుని మాట్లాడుకోవడమే. ఫైట్లు ఎక్కువ కావాలా, మాటలు ఎక్కువ కావాలా, ఏ విషయాలు అసలు వద్దు, ఎన్ని గంటలు. 2020లో వచ్చిన టాషాస్ కాల్‌డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ అనే అధికారిక పుస్తకంలో కూడా దీని గురించి చెప్పారు. రెండు, కథ రాయకండి, పరిస్థితి రాయండి. "వీళ్లు ఫైట్ చేసి తప్పించుకుంటారు" అనేది కథ. "జైలు ఉంది, అప్పుల్లో ఉన్న కాపలావాడు ఉన్నాడు, శనివారం డ్రాగన్ వస్తుంది" అనేది పరిస్థితి. ఏం చేస్తారో వాళ్లిష్టం. మూడు, ప్రతి సెషన్ చివర్లో ఒక్క ప్రశ్న అడగండి: "వచ్చే వారం మీరేం చేయాలనుకుంటున్నారు?" దాన్నే తయారుచేసుకోండి. మీ పని కూడా తగ్గుతుంది.

పోయిన ఏడాది మళ్లీ మొదలుపెట్టా. డల్లాస్ వాడికి ఫోన్ చేసి సారీ చెప్పా. "ఒక్క సెషన్ చూస్తా" అన్నాడు. నేను మొదటి రోజు కోసం ఒక గుహ తయారుచేసుకున్నా, మ్యాప్‌తో సహా. వీళ్లు దారిలో ఒక పాత సత్రం చూశారు. మావాడు ఆగాడు. "దీని ఓనర్ ఎవరు? అమ్ముతాడా?" అన్నాడు.

నా నోటి దాకా "తలుపులు మూసి ఉన్నాయి" వచ్చింది. మింగేసి, "ఒక ముసలాయన బయటికొచ్చాడు, ఎంతిస్తారు అని అడుగుతున్నాడు" అన్నా.

ఎనిమిది నెలలైంది. సత్రం నడుస్తోంది. గుహ ఇంకా నా ఫోల్డర్‌లోనే ఉంది.

మీ టేబుల్ దగ్గర ఏం ఇబ్బందిగా ఉందో ఈ వారం ఒక్కసారి మీ డీఎంతో మాట్లాడి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో సెషన్ జీరోలో ఏమేం అడగాలో ఒక్కొక్కటిగా చూద్దాం. అప్పటిదాకా ఉంటా మరి, బై.