అడవి పక్షులకు వచ్చు ఫ్లూ జ్వరము



మొన్న మా వేములలో రచ్చకట్టపై కూర్చుండగా ఒక పెద్దాయన నన్ను అడిగెను: "నాయనా, మన చింతమాను నిండా కొంగలు గూళ్లు కట్టినాయి. వాటివల్ల కోళ్లకు బర్డ్ ఫ్లూ వస్తాదంటాండారు పిల్లోళ్లు. మాను కొట్టిచ్చేద్దామా?" వలదని అప్పుడే చెప్పితిని. కాని కారణము చెప్పవలయునన్న కొంత కాలము పట్టును. ఆ కారణమునే నేడు మీకును విన్నవించుచున్నాను.

ఈ జ్వరమునకు మూలము వైరసు అను సూక్ష్మాణువు. దాని పాత నివాసము బాతులు మొదలగు నీటిపక్షుల ప్రేవులు. అచ్చట అది చాలవరకు సాధువుగానే యుండును. పక్షికి జబ్బు చేసినట్లే తోచదు. రెట్టతో నీటిలో పడి, చల్లని నీటిలో చాల దినములు బ్రదుకును. మన రాయలసీమ యెండకు మాత్రము త్వరలోనే నశించును.

అట్టి సాధువైన వైరసు కిక్కిరిసిన కోళ్లదొడ్లలో ప్రవేశించినపుడు ఒక్కొక్కసారి మహాక్రూరముగా మారును. 1996లో చైనా దేశపు గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమున ఒక పెంపుడు పెద్దబాతునందు హెచ్5ఎన్1 అను క్రూరజాతి కనబడెను. మరుసటి యేట హాంకాంగులో పదునెనిమిదిమంది మనుష్యులకు సోకి ఆరుగురిని చంపెను. తరువాత 2005లో చైనాలోని చింగ్‌హై సరస్సుచెంత అడవిబాతులు వేలకొలది కూలినవి. రోగము అడవినుండి దొడ్డికి వచ్చుటయే కాదు, దొడ్డినుండి అడవికిని పోవుచున్నదని గ్రహింపుడు. నిందనంతయు రెక్కల యతిథులపైననే మోపుట న్యాయము కాదు.

మన దేశమున ఈ వ్యాధి మొదట 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రమందలి నవాపురమున కోళ్లలో బయలుపడెను. అడవిపక్షుల విషయమై మరువరానిది హిమాచలప్రదేశమందలి పోంగ్ జలాశయపు కథ. 2020 డిసెంబరు కడపట అచ్చట బాతులు చచ్చిపడుట మొదలై, కొలది వారములలో నాలుగువేలకు మించి కూలినవి. వానిలో హెచ్చుభాగము తలమీద రెండు నల్లపట్టెలు గల అడవిబాతులు. హిమాలయములకు ఆవల పిల్లలను చేసి, ఆ కొండలను దాటి శీతకాలమున దక్షిణదేశపు చెరువులకును దిగు జాతి యది. మన రాష్ట్రమున 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగొట్లలోను, మరుసటి యేడు గోదావరి జిల్లాలలోను కోళ్లు ఈ వ్యాధికి బలియైనవి.

అట్లని చచ్చిన ప్రతి పక్షియు ఈ జ్వరముతోనే చచ్చినదనరాదు. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున 2021-22 శీతకాలమందు గూడబాతులు పెక్కు చచ్చెను. కారణము కడుపులోని పురుగులు. పైరులకు చల్లిన పురుగుమందు గింజలను తిని కాకులు, నెమళ్లు చచ్చుటయు కలదు. కోళ్లకు వచ్చు కొక్కెర తెగులు వేరు, ఇది వేరు. తల వంకరపోయి తూలుచు, ఎగురలేక ఒక్కచోటనే గిరగిర తిరుగుచు, గుంపులుగా పక్షులు చచ్చినచో అనుమానింపవలయును. నిజము తేల్చువారు భోపాలునందలి జాతీయ పశురోగ పరిశోధనాలయమువారు. పశువైద్యాధికారికి కబురంపిన ఆయన నమూనాలను తీసి అచ్చటికి పంపును. అంతవరకు పిల్లలను, కుక్కలను దగ్గరకు రానీయక కాచుట చాలును, ఒట్టిచేతులతో ముట్టరాదు.

కోళ్లు గలవారు ఒక్క పని మరువరాదు. మేతను నీళ్లను చెట్టుక్రింద గాక కప్పుక్రింద పెట్టవలయును. రెట్ట పడుచోటికి కోళ్లను విడువరాదు. చచ్చిన కోడిని చెరువులో పారవేయుట ఘోరము. అడవిపక్షికి రోగమును మన చేతులతో అందించుట యదియే. లోతుగా గుంటత్రవ్వి సున్నము చల్లి పూడ్చవలయును. మాంసమును గ్రుడ్లను బాగుగా నుడికించి తినుటకు భయము లేదు. వైరసు వేడికి, సబ్బుకు నిలువదు.

ఇక ఆ చింతమాను మాట. మాకు దక్షిణపుదిక్కున, చిలమత్తూరు దగ్గరి వీరాపురమున ఎర్రకాళ్ల కొంగలు ఏటేట ఊరిలోని చింతచెట్లమీదనే గూళ్లు కట్టును. జనులు వానిని సైబీరియా పక్షులందురు గాని, అవి మన దేశపువే. ఊరివారు వానిని బాధింపరు. మాను కొట్టినచో కొంగలు చావవు, చెదరును. పది చెరువులకు, పది ఊళ్లకు పోవును. రోగమున్నచో అదియు వానితోడనే పోవును. ఈ మాట చెప్పగా ఆ పెద్దాయన కొంతసేపు చెట్టువంక చూచి, "అట్లయితే కోళ్లగంప తావు మార్చుకుంటాలే" అనెను.