జబ్బు లేనప్పుడు పరీక్ష యెందుకు?

ఆరోగ్య ప్రచారమునకై దివిసీమలోని యొక గ్రామమునకు పోయినప్పుడు, పంచాయతీ కార్యాలయపు అరుగు మీద కూర్చున్న నడివయస్సు గృహిణి యొకతె ఈ రచయితను సూటిగా అడిగినది: “నాకు నొప్పి లేదు, జ్వరం లేదు. మినపచేను వదులుకుని పరీక్షకు ఎందుకు రావాలండీ?” ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. దానికి సమాధానము చెప్పలేని పంచాయతీ సభ్యుడు ఎన్ని పర్యాయములు చాటింపు వేయించినను ఫలిత ముండదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సరు మన దేశ స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో రొమ్ము క్యాన్సరు తరువాత రెండవది. 2022 నాటి అంతర్జాతీయ అంచనాల ప్రకారము, భారతదేశమున ఆ ఒక్క యేట సుమారు 1,27,000 మందిలో ఈ వ్యాధి క్రొత్తగా బయటపడినది. దాదాపు 80,000 మంది మరణించిరి. ఐనను 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 30 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో ఒక్కసారియైనను ఈ పరీక్ష చేయించుకొన్నవారు దేశము మొత్తము మీద నూటికి ఇద్దరైనను లేరు.

ఈ వ్యాధికి మూలము హ్యూమన్ పాపిల్లోమా అను వైరస్. దీనిని కనుగొన్న జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమానము లభించినది. దాంపత్య సంబంధము వలన ఈ వైరస్ వ్యాపించును. ఇందు ఎవరి నడవడికిని నింద లేదు. ఒకే భర్తతో కాపురము చేసిన యిల్లాలికిని సోకవచ్చును. సోకినవారిలో అత్యధికులకు ఒకటి రెండేండ్లలో దానంతట అదియే పోవును. కొందరిలో మాత్రము నిలిచిపోయి, ముఖద్వారపు పొరలో మార్పులు తెచ్చును. ఆ మార్పులు క్యాన్సరుగా ముదురుటకు సాధారణముగా పది పదిహేనేండ్లు, ఒక్కొక్కప్పుడు ఇరువది యేండ్లు పట్టును. ఈ కాలమంతయు నొప్పి యుండదు, జ్వర ముండదు. పరీక్ష యుద్దేశింపబడినది ఈ కాలమునకే. కాలువ గట్టున ఎలుక బొరియ కనబడిన నాడే పూడ్చుట మన రైతు లెరిగిన పనియే గదా.

పరీక్ష విధానము కష్టమైనది కాదు. శిక్షణ పొందిన నర్సు గాని వైద్యురాలు గాని చిన్న పరికరముతో ముఖద్వారమును చూచి, పలుచని ఎసిటిక్ ఆమ్లమును దూదితో అద్దును. పచ్చళ్లలో వాడు వెనిగరులో నుండునది ఈ ఆమ్లమే. ఒక నిమిషము తరువాత, మార్పు చెందిన భాగము తెల్లబడి కనబడును. మత్తు అక్కరలేదు, కోత లేదు. బహిష్టు దినములలో మాత్రము చేయరాదు. ముంబయి మురికివాడలలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో ఆరంభించిన పరిశోధనలో సుమారు లక్షన్నర మంది స్త్రీలు చేరిరి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే ఈ పరీక్ష చేయగా, పరీక్ష పొందిన వర్గములో ఈ వ్యాధి వలని మరణములు నూటికి 31 వంతులు తగ్గినవి. తమిళనాడు దిండిగల్ జిల్లాలోను మరణములు తగ్గినట్లు 2007లో ప్రకటించిరి.

లోపములు దాచుట మంచిది కాదు. తెల్లబడినంత మాత్రమున క్యాన్సరని అర్థము కాదు. అట్టివారిలో ఎక్కువమందికి క్యాన్సరు ఉండనే ఉండదు. ఐనను పెద్ద ఆసుపత్రికి పోయి మరల చూపించుకొనవలెను, ఆ నాలుగు దినములు ఇంటిల్లిపాదికి దిగులే. బాగున్నదని చెప్పినంత మాత్రమున జీవితాంతము అభయము దొరకినట్లును కాదు. అందుచేతనే 30 ఏండ్లు నిండిన స్త్రీలు ఐదేండ్ల కొకసారి చేయించుకొనవలెనని 2016 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకములు చెప్పుచున్నవి. ముట్లుడిగిన స్త్రీలలో ఈ పద్ధతి అంత చక్కగా పనిచేయదు. వైరస్‌ను నేరుగా గుర్తించు పరీక్ష లభించుచోట అదియే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది.

మన ప్రాంతమునకు ప్రత్యేకముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. గర్భసంచి తొలగించు శస్త్రచికిత్సలు అధికముగా జరుగు రాష్ట్రములలో మనది యొకటి. క్యాన్సరు గాని, దానికి ముందు మార్పులు గాని లేకుండ, ముఖద్వారముతో సహా గర్భసంచి తీసివేయబడిన స్త్రీకి ఈ పరీక్ష అక్కరలేదు. ముఖద్వారము మిగిల్చియుంచిన యెడల అవసరమే. ఆసుపత్రి కాగితములు దాచుకొనినవారు వాటిని వెంట తీసికొని పోవలెను. ఇక ముట్లుడిగిన పిదప రక్తము కనబడినను, భార్యాభర్తల కలయిక తరువాత రక్తము పోయినను, దుర్వాసనతో తెల్లబట్ట యగుచున్నను శిబిరము కొరకు వేచియుండరాదు. వెంటనే వైద్యురాలిని చూడవలెను.

క్యాన్సరు కాకమునుపే కనబడిన మార్పులను, అవి తగిన రీతిలో నున్నచో, వేడిచేత గాని అతిశీతలముచేత గాని కొద్ది నిమిషములలో తొలగింతురు. ఆసుపత్రిలో ఉండవలసిన పని లేదు. ముదిరిన పిమ్మట రేడియేషన్ మొదలగు దీర్ఘ చికిత్సలు తప్పవు. కృష్ణా జిల్లా మంటాడలో జన్మించి అమెరికాలో రేడియేషన్ వైద్యమున ఖ్యాతి గాంచిన డాక్టరు నోరి దత్తాత్రేయుడుగారు 2015లో పద్మశ్రీ అందుకొనుట మన కందరకు గర్వకారణమే. కాని ఏ యిల్లాలికిని అట్టి వైద్యుని యవసరము కలుగకుండుట మరింత మేలు.

2024 నవంబరులో మన రాష్ట్రమున ఇంటింటి క్యాన్సరు పరీక్షల కార్యక్రమ మారంభమైనది. పిలుపు ఇంటికి వచ్చును గాని, వెళ్లుటయా మానుటయా అను నిర్ణయము ఆ స్త్రీదే. బలవంతము కూడదు, భర్త యనుమతి కొరకు నిలుపుటయు కూడదు. పంచాయతీ చేయగల పని వేరు. తలుపు గడియపడు గది, తెర, మంచి దీపము ఏర్పరుపవలెను. పరీక్షించువారు స్త్రీలే అగునట్లు ముందే అడిగి తెలిసికొనవలెను. నాట్ల వారములో గాని, కోతల వారములో గాని శిబిరము పెట్టరాదు. కృష్ణ పాయ కావలనున్న ఎదురుమొండి వంటి లంక గ్రామముల వారికి, నందివాడ చేపల చెరువుల మీద కూలికి పోవువారికి ఒక దినపు కూలి పోవుట చిన్న విషయము కాదు. మరల చూపించుకొమ్మన్న స్త్రీని మచిలీపట్నము గాని గుడివాడ గాని ప్రభుత్వ ఆసుపత్రికి తోడు వెళ్లి చేర్చువా రుండవలెను. అచ్చట తెగిపోయినచో మొదటి పరీక్ష యంతయు వృథా. ఆమె పేరు గ్రామములో పొక్కనీయరాదు.

అరుగు మీది గృహిణి అంతయు విని, “కోత అయ్యాక వస్తాను” అన్నది. శిబిరపు తేదీని మినపకోతల తరువాతి వారమునకు మార్చుటకు ఆ పంచాయతీవారు ఆనాడే సమ్మతించిరి.