మందు తొడుగు, మనసులో శంక

క్రిందటి శీతాకాలంలో ఒక సాయంత్రం, కర్నూలు నుంచి వచ్చి అమెరికాలో కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దాయనను మా వద్దకు తీసుకువచ్చారు. చిగుళ్ళ నుంచి రక్తం ఆగడం లేదు. మూత్రం కూడా ఎర్రగా వస్తోంది. గుండె లయ తప్పినందువల్ల, రక్తం గడ్డకట్టకుండా డాబిగట్రాన్ అనే మందు వాడుతున్నారు. మోతాదు సరిగానే ఉంది, పూట తప్పడమూ లేదు. మరి ఎందుకిలా? కొడుకు బయటికి వెళ్ళిన తరువాత ఆయన మెల్లగా చెప్పారు: "కాప్సూలు తొడుగు పందిది అంటారు కదా డాక్టరుగారూ! అందుకని విప్పి, తొడుగు పారేసి, లోపలి గింజలు మాత్రం నీళ్ళతో మింగుతున్నాను."

ఆ గింజలను తొడుగు లేకుండా మింగితే ఒంటికి పట్టే మందు సుమారు 75 శాతం పెరుగుతుంది. చిత్రమేమంటే, ఆ తొడుగు పందిదీ కాదు, పశువుదీ కాదు. మొక్కల పీచు నుంచి తయారయ్యే హైప్రోమెలోజ్‌తో చేసినది. ఆయన కోలుకున్నారు. కాని ముందే ఒక్క మాట అడిగి ఉంటే ఈ ప్రమాదమే లేదు. మేము కూడా అడగలేదు. తప్పులో మాకూ భాగం ఉంది.

మేము వైద్యులమే గాని మతపండితులం కాము. అయినా పండితులు ఏమన్నారో కొంత తెలుసుకోవలసి వచ్చింది. పంది, మద్యం హరామ్ అన్నది అందరికీ తెలిసినదే. అయితే గత్యంతరం లేక, కోరికతో కాక, హద్దు మీరకుండా తీసుకున్నవానికి దోషం లేదని ఖురాన్ రెండవ అధ్యాయం 173వ వాక్యం చెబుతుంది. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ, ఆల్కహాలు కలిసిన మందును, వేరే మందు దొరకనప్పుడు, నమ్మకమైన సమర్థుడైన వైద్యుడు వ్రాసి ఇస్తే వాడవచ్చునన్నది. పంది జెలటిన్ ఆహారంలో కూడదని కూడా అన్నది. 1995లో కువైట్‌లో వైద్యులూ పండితులూ కలిసి జరిపిన సదస్సు మాత్రం, పంది ఎముక, చర్మం పూర్తిగా రూపు మారి జెలటిన్ అయితే అది శుద్ధమేనన్నది. ఇట్టి మార్పును 'ఇస్తిహాలా' అంటారు. అభిప్రాయభేదం ఉన్నది కనుక, ఎవరి మాట పాటించాలో తమ ఆలిమ్‌ను అడగడం మంచిది.

కొన్ని శంకలు కాలమే తీర్చింది. ఒకప్పుడు ఇన్సులిన్‌ను ఎద్దు, పంది క్లోమం నుంచి తీసేవారు. 1982లో, సూక్ష్మజీవుల చేత తయారు చేయించిన మానవ ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే ఆసుపత్రులలో వాడే హెపారిన్ నేటికీ ఇక్కడ పంది పేగు పొర నుంచే వస్తుంది. ఫోండాపారినక్స్ వంటి కృత్రిమ మందు కొందరికి సరిపోతుంది, అందరికీ కాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పైన చెప్పిన మినహాయింపు ఉండనే ఉన్నది.

విటమిన్ల సంగతి వేరు. చేపనూనె గోళీలు, పిల్లలు చప్పరించే విటమిన్ బిళ్ళలు చాలావరకు జెలటిన్‌తో చేసినవే. వాటిలో చాలావాటికి ప్రాణావసరం అనే మాట వర్తించదు. హలాల్ గుర్తు గలవో, శాకాహార తొడుగు గలవో వెతికి కొనుక్కోవచ్చు. శాకాహారం పాటించే మన హిందూ, జైన కుటుంబాలకూ ఈ జాగ్రత్త పనికివస్తుంది. సీసా మీద జెలటిన్ అని మాత్రమే ఉంటే అది ఏ జంతువుదో తెలియదు, తయారీదారునే అడగాలి.

వైద్యుడు వ్రాసి ఇచ్చిన మందు విషయంలో మాత్రం మా మనవి ఒక్కటే. శంక కలిగితే మందు మానకండి, విప్పకండి, సగం చేయకండి. మందు వెంట వచ్చే కాగితంలో దానిలోని పదార్థాల పేర్లు తరచుగా ఉంటాయి. మందుల షాపు ఫార్మసిస్టును అడిగితే చదివి చెబుతారు. మారు మందు ఉంటే డాక్టరు వ్రాసి ఇస్తారు. లేకుంటే లేదని చెబుతారు. పండితులు కోరిన వైద్యుని మాట అదే. అడగడం అవిశ్వాసం కాదు, అమర్యాద అంతకన్నా కాదు.

ఇంటిలోని పెద్దలకు ఈ నాలుగు మాటలు చదివి వినిపించండి. తమ మందులు ఎలా వేసుకుంటున్నారో ఒకసారి పక్కన కూర్చుని చూడండి.