మూడు కిలోల నుంచి మూడు వందల గ్రాములకు: ఎముకల వైద్యంలో వింతలు విశేషాలు

కామారెడ్డి జిల్లాకు ఒక కొసన, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది డోంగ్లి. 2022లో మద్నూర్ నుంచి విడదీసి కొత్త మండలం చేశారు. పత్తి, సోయా పండే ప్రాంతం. ఇక్కడ ట్రాక్టర్ బోల్తా పడి ఎవరి కాలైనా విరిగితే, చుట్టూ చేరినవాళ్లలో ఒకరు బాన్సువాడ అంటారు, ఒకరు దెగ్లూర్ అంటారు, ఇంకొకరు నిజామాబాద్ అంటారు. హైదరాబాద్ అయితే 150 కిలోమీటర్ల పైమాటే. ఎటు పోవాలో తేల్చుకునేసరికే విలువైన సమయం గడిచిపోతుంది.

గత నూట యాభై ఏళ్లలో ఎముకల వైద్యం సాధించినవి చదువుతుంటే ఆశ్చర్యం వేస్తుంది. అందులో తెలుగువాళ్ల పాలు కూడా తక్కువేం కాదు. అయితే ఎంతటి ఘనత అయినా డోంగ్లి లాంటి ఊళ్లో పడిపోయిన మనిషి దాకా వస్తేనే దానికి సార్థకత. ఈ వ్యాసంలోని విశేషాలన్నీ ఆ కొలమానంతో ఏరినవే.

అతి పొడవైన ఎముక, కంటికి కనిపించని నష్టం

మన ఒంట్లో అతి చిన్న ఎముక చెవిలో ఉంటుంది, సుమారు మూడు మిల్లీమీటర్లు. అతి పొడవైనది, అతి బలమైనది తొడ ఎముక. మనిషి ఎత్తులో నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. అది విరిగితే తొడ కండరాల్లోకే లీటరు, ఒక్కోసారి అంతకు మించి రక్తం కారిపోతుంది. బయటికి చుక్క కూడా కనిపించదు.

మొదటి ప్రపంచ యుద్ధం తొలి రోజుల్లో తుపాకీ గుండు తగిలి తొడ ఎముక విరిగిన సైనికుల్లో 80 శాతం దాకా చనిపోయేవారని వైద్య చరిత్రలు చెబుతాయి. కాలును లాగి కదలకుండా నిలిపే ఒక సాదా ఇనుప చట్రం యుద్ధరంగానికి చేరాక ఆ మరణాలు 16 శాతానికి దిగాయి. బ్రిటన్ వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ ఎన్నడో తయారుచేసిన ఆ చట్రాన్ని ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ సైన్యానికి అందించాడు. 'థామస్ స్ప్లింట్' పేరుతో మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ రోజుకీ కనిపిస్తుంది. చట్రం లేనిచోట విరిగిన కాలిని తిన్నగా పెట్టి, కర్రచెక్క ఆసరాగా రెండో కాలితో కలిపి గుడ్డలతో కట్టినా చాలా మేలు. ఆ కాలు మడిచి ఆటోలో కూర్చోబెట్టడమే పెద్ద ప్రమాదం.

ఒకే ఏడాది రెండు కబుర్లు: 1881

పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు అరుదు. పుత్తూరు దగ్గరి రాచపాళ్యంలో 1881 నుంచి ఈ వైద్యం సాగుతోందని చెబుతారు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. ఇవే దాని సరంజామా. వేరే రాష్ట్రాల నుంచి కూడా జనం అక్కడికి వస్తారు.

అదే 1881లో జర్మనీ వైద్యుడు ఫోక్‌మన్ మరో సంగతి రాశాడు. విరిగిన చేతికి కట్టు మరీ బిగిస్తే కండరాలకు రక్తం అందక చచ్చుబడతాయని, వేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోతాయని. కట్టిన చెయ్యి ఎవరిదైనా ఇది వర్తిస్తుంది, ఆసుపత్రిలో వేసిన సిమెంట్ కట్టుకైనా సరే. కట్టు వేశాక వేళ్లు పాలిపోయినా, తిమ్మిరెక్కినా, ఎవరైనా వేళ్లు చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా ఆ రాత్రి తెల్లవారే దాకా ఆగకూడదు. వెంటనే కట్టు వదులు చేయించాలి. ఆరు గంటలు దాటితే కండరం తిరిగి రాకపోవచ్చు. మన పల్లెల్లో పసిపిల్లల చేతులు ఇలా పోతున్నాయంటే కారణం తెలియకపోవడమే.

బందీలతో పాటు బయటపడిన రాడ్డు

'కాలిలో రాడ్డు వేశారు' అనే మాట ఇప్పుడు ప్రతి ఊళ్లో వినిపిస్తుంది. ఎముక లోపలి గుల్లలోకి లోహపు కడ్డీ దించే ఈ పద్ధతిని 1939లో జర్మనీ వైద్యుడు గెర్హార్డ్ కున్‌చెర్ మొదలుపెట్టాడు. తోటి వైద్యులు మొదట నమ్మలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అమెరికా సైనికులు జర్మనీ చెర నుంచి ఇంటికి వచ్చాక, వాళ్ల తొడల్లో ఈ కడ్డీలు ఎక్స్‌రేలో కనబడితే అక్కడి డాక్టర్లు నివ్వెరపోయారు. నెలల తరబడి మంచాన పడి ఉండాల్సిన మనిషి కొద్ది రోజుల్లోనే లేచి నడవడం అప్పటికి కొత్త.

ఈ ఆపరేషన్‌కు లోపలి బొమ్మను అప్పటికప్పుడు తెరమీద చూపే ఖరీదైన ఎక్స్‌రే యంత్రం కావాలి. అది లేని ఆసుపత్రులకోసం అమెరికా వైద్యుడు లూయిస్ జిర్కిల్ స్థాపించిన 'సైన్' సంస్థ 1999 నుంచి ప్రత్యేకమైన కడ్డీలు, వాటిని బిగించే పనిముట్లు తయారు చేసి పేద దేశాల వైద్యులకు ఇస్తోంది. యాభైకి పైగా దేశాలకు అవి చేరాయి.

రోజుకు ఒక్క మిల్లీమీటరు

సైబీరియాలోని కుర్గాన్ పట్టణంలో గావ్రిల్ ఇలిజరోవ్ 1950ల్లో ఒక వింత చేసి చూపాడు. కాలి చుట్టూ ఇనుప వలయాలు బిగించి, వాటిని సన్నని తీగలతో ఎముకకు కలిపి, మరలు కొద్దికొద్దిగా తిప్పుతూ పోయాడు. రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఎముక చీలిక వెడల్పైంది. ఆ ఖాళీలో కొత్త ఎముక పుట్టింది! చీముపట్టి ముక్క పోగొట్టుకున్న కాలికి తిరిగి పొడవు తెచ్చే మార్గం అలా దొరికింది. నెలల తరబడి ఆ వలయాలతోనే తిరగాలి, తీగలు దిగిన చోట రోజూ శుభ్రం చేసుకోవాలి. ఈ పనిలో సగం డాక్టరుది, సగం ఇంట్లోవాళ్లది.

క్షిపణి సామగ్రి నుంచి పిల్లల కాళ్లకు

పంజాగుట్టలోని నిమ్స్ 1964లో నిజాం ట్రస్టు కట్టించిన ఎముకల ఆసుపత్రిగా మొదలైంది. 1980లో నిజాం వైద్య విజ్ఞాన సంస్థగా మారింది. అక్కడి ఎముకల వైద్యుడొకరు ఒకసారి హైదరాబాద్ రక్షణ పరిశోధనశాలలో అబ్దుల్ కలాంను కలిశారు. క్షిపణుల కోసం తయారు చేసిన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయారు. వెంటనే కలాంను తన ఆసుపత్రికి తీసుకెళ్లి పోలియో పిల్లలను చూపించారు. ఒక్కొక్కరి కాలికి ఆసరాగా బిగించిన, మూడు కిలోలకు పైగా బరువుండే ఇనుప చట్రాలు, అంటే కాలిపర్లు. పిల్లలు కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. వేసుకున్న పిల్లలు పరుగెత్తారు, తల్లిదండ్రులు కన్నీళ్లు పెట్టుకున్నారు. తనకు దక్కిన గొప్ప ఆనందాల్లో ఇదొకటని కలాం ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. పది వంతుల్లో తొమ్మిది వంతుల బరువు దించిన ఈ రికార్డు తెలుగు నేల మీద పుట్టింది.

భీమవరం బిడ్డ ఇచ్చిన మందులు

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఎముకల డాక్టరు కాదు. అయినా ఆయన లేనిదే ఈ జాబితా నిండదు. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో తయారైన మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ కీళ్లవాతానికి ముందుగా రాసే మందు. ఎక్కువ మోతాదులో పిల్లల ఎముక క్యాన్సర్‌కూ వాడతారు. 1948లో అదే ప్రయోగశాల నుంచి వచ్చిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. ఈ జాతి మందులకు ఒక వింత గుణముంది. కొత్తగా ఏర్పడుతున్న ఎముకలో చేరి, అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా మెరుస్తాయి. ఎముక రోజుకు ఎంత పెరుగుతోందో శాస్త్రవేత్తలు ఆ మెరిసే గీతలను బట్టే కొలిచారు.

మూడు అద్భుతాల ఏడాది: 1962

ఆ ఏడాది మే నెలలో అమెరికాలోని బోస్టన్‌లో, రైలు ప్రమాదంలో భుజం దగ్గర తెగిపోయిన పన్నెండేళ్ల పిల్లవాడి చేతిని రొనాల్డ్ మాల్ట్ బృందం తిరిగి అతికించింది. తెగిపడిన పూర్తి చేతిని విజయవంతంగా అతికించడం ప్రపంచంలో అదే మొదలు. నవంబరులో ఇంగ్లండ్ వైద్యుడు జాన్ చార్న్‌లీ నేటి తుంటి మార్పిడికి పునాది అయిన కీలును అమర్చాడు. జపాన్‌లో షొసుకె, ఉతాకో ఒకమోతో దంపతులు రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్‌ను వెలికితెచ్చారు.

చవకైన ఆ మూడో దాని విలువ 2010లో మరింత తెలిసొచ్చింది. 40 దేశాల్లో, 20 వేలకు పైగా క్షతగాత్రుల మీద జరిగిన అధ్యయనంలో అది ప్రాణాలు కాపాడుతుందని తేలింది. షరతు ఒక్కటే, దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఇవ్వాలి.

ఇక తెగిన చేతిని అతికించిన ఆ మొదటి అద్భుతం సంగతి. సోయా నూర్పిడి యంత్రంలోనో, గడ్డి కత్తిరించే యంత్రంలోనో వేలు తెగితే ఏం చేయాలో ప్రతి రైతు కుటుంబానికీ తెలియాలి. తెగిన ముక్కను శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని ఐసు మీద పెట్టి తీసుకెళ్లాలి. ముక్కకు నేరుగా ఐసు తగలకూడదు. చెయ్యంత పెద్ద భాగమైతే ఆరు గంటల్లోపే చేరాలి.

తెలుగు తెర మీద జైపూర్ కాలు

1968లో జైపూర్‌లో శిల్పి రామచంద్ర శర్మ, వైద్యుడు పి.కె. సేథీ కలిసి రబ్బరుతో కృత్రిమ పాదం చేశారు. దానితో గొంతుక్కూర్చోవచ్చు, పొలంలో చెప్పులు లేకుండా నడవొచ్చు. 1981లో బస్సు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకున్న నర్తకి సుధాచంద్రన్ ఈ పాదంతోనే మళ్లీ వేదికెక్కింది. ఆమె జీవితం 'మయూరి'గా తెరకెక్కింది. తెలుగు సినిమా! ఆ పాత్ర ఆమే వేసింది, జాతీయ పురస్కారం అందుకుంది.

నీళ్లతో వంగిన ఎముకలు

మన దేశంలో ఫ్లోరైడు నీళ్లతో మనుషుల ఎముకలు దెబ్బతినడాన్ని 1937లో తొలిసారి వివరంగా రాసింది అప్పటి నెల్లూరు జిల్లా గురించే. నల్లగొండ ప్రాంతంలో కౌమారంలోని పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ప్రపంచానికి చెప్పారు. వంగిన ఎముకను కోసి నిలబెట్టే ఆపరేషన్ ఉంది. కానీ వంగకుండా ఆపేది మంచినీళ్ల కుళాయే.

రోబో వచ్చింది, సూక్ష్మజీవి పోలేదు

1992లో అమెరికాలోని శాక్రమెంటోలో తుంటి మార్పిడికి రోబోను వాడారు. ఇప్పుడు హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రుల్లో మోకాళ్ల ఆపరేషన్లకు రోబోలున్నాయి. 2011లో నెదర్లాండ్స్‌లో 83 ఏళ్ల వృద్ధురాలికి త్రీడీ ప్రింటర్‌తో చేసిన కింది దవడనే అమర్చారు. రోబోతో కొలతలు కచ్చితంగా వస్తాయి, నిజమే. మామూలు ఆపరేషన్ కంటే ఏళ్ల తరబడి ఎక్కువ మేలు చేస్తుందా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

అసలు సవాలు మరోచోట ఉంది. చర్మం చీలి ఎముక బయటికొచ్చిన గాయాల మీద అమెరికాలో గస్టిలో, ఆండర్సన్ 1976లో 1,025 కేసులతో నివేదిక ఇచ్చారు. గాయం ఎంత పెద్దదైతే చీముపట్టే ముప్పు అంత ఎక్కువని, యాంటీబయాటిక్ త్వరగా పడాలని అప్పటి నుంచీ వైద్యులు చెబుతూనే ఉన్నారు. మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరిగిన ఈ రోజుల్లో ఆ తొందర ఇంకా అవసరం. గాయం మీద పసుపు, మట్టి, కాఫీపొడి చల్లొద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి బయల్దేరాలి.

బద్దలు కొట్టాల్సిన రికార్డు

2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. ఎవరూ కోరుకోని రికార్డు ఇది.

దీన్ని తగ్గించే పనిముట్లు మన దగ్గరే ఉన్నాయి. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది మన హైదరాబాద్‌లోనే. 2023లో కామారెడ్డికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో అదే ఏడాది డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెరిగింది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మేలో అమల్లోకి వచ్చింది. బాధితుణ్ని ఆసుపత్రికి చేర్చినవారిని ఇబ్బంది పెట్టకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. పేరు చెప్పమని కూడా వారిని బలవంతం చేయకూడదు.

రోబోలు, త్రీడీ ప్రింటర్లు డోంగ్లికి రావడానికి ఇంకా సమయం పట్టొచ్చు. కానీ తిన్నగా కట్టిన కాలు, శుభ్రమైన గుడ్డ, మూడు గంటల్లోపు పడే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్, తలకు హెల్మెట్‌. వీటికి ఎదురుచూడాల్సిన పనిలేదు. మద్నూర్, బిచ్కుంద, బాన్సువాడ ఆసుపత్రుల్లో ఎముకల వైద్యుడు, రక్తం, ఎక్స్‌రే రాత్రిపూట కూడా అందుబాటులో ఉండేలా చూడాల్సింది ప్రభుత్వం. పడిపోయిన మనిషిని చూసి బండి ఆపాల్సింది మనం. ముందు 108కు ఫోన్ చేయండి, ఏ ఊరికి తీసుకెళ్లాలన్న చర్చ తర్వాత పెట్టుకోవచ్చు.