ఎండతో వెలుగు, ఎండతో వంట

మాది యానాం. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం నన్ను పుదుచ్చేరికి తెచ్చింది. లాస్‌పేటలో ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయాను. కరెంటు పాఠం మొదలుపెట్టేటప్పుడు పిల్లల్ని ఎప్పుడూ ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి: మన క్లాసులో ఈ ఫ్యాను ఎవరి నిప్పుతో తిరుగుతోంది?

పుదుచ్చేరికి సొంతంగా చెప్పుకోదగ్గ విద్యుత్ కేంద్రం లేదు. కారైకాల్లో 32.5 మెగావాట్ల గ్యాస్ ప్లాంటు ఉంది, దాని కరెంటు ఆ ప్రాంతానికే సరి. ఈ ఊరు వాడుకునేదంతా బయట కొనుక్కున్నది. నైవేలి లిగ్నైటు, కల్పాక్కం అణువిద్యుత్తు, మన రామగుండం బొగ్గు, అన్నింట్లోనూ కొంత కొంత వాటా. గోదావరి పక్కన రాజేసిన బొగ్గు ఇంత దూరాన బంగాళాఖాతం ఒడ్డున ఫ్యాను తిప్పుతోందంటే పిల్లలు నమ్మేవారు కాదు.

2024 నవంబర్ 30 రాత్రి ఫెంజల్ తుఫాను ఈ ఊరి దగ్గరే తీరం దాటింది. తెల్లారేసరికి 40 సెంటీమీటర్లకు పైగా వాన. వీధులు చెరువులయ్యాయి, కరెంటు పోయింది. ఆ తర్వాత బీచ్ రోడ్డు మీద నడుస్తుంటే, ఇక్కడ ఆఫీసులో పనిచేసే మా యానాం కుర్రాడొకడు ఆపి అడిగాడు. “మాస్టారండీ, మేడ మీద సోలార్ పలకలు పెట్టించుకున్నానండీ. వాన తగ్గి ఎండొచ్చినా ఇంట్లో బల్బు వెలగలేదు. మోసపోయానంటారా?”

“మోసం కాదు బాబూ, నీకు చెప్పాల్సిన మాట చెప్పలేదు” అన్నాను.

ఆ మాట ఇది. ఎక్కువమంది ఇళ్లమీద ఉండేది లైనుకు కలిపిన సోలార్. పలకల నుంచి వచ్చేది ఒకే దిక్కున పారే కరెంటు. దాన్ని ఇన్వర్టరు సెకనుకు 50 సార్లు ఊగే కరెంటుగా మార్చి వీధి లైనులో కలుపుతుంది. ఆ ఊపును అది లైను నుంచే అందుకుంటుంది. లైను చచ్చిందంటే తనూ వెంటనే ఆగిపోవాలి. ఎందుకంటే కరెంటు లేదనుకుని లైన్‌మ్యాన్ తీగ పట్టుకున్నప్పుడు మన మేడ మీది కరెంటు అందులోకి పారితే అతని ప్రాణం పోతుంది. లైను పోయినా ఇంట్లో దీపం ఉండాలంటే బ్యాటరీ, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి. ఖర్చు పెరుగుతుంది. తుఫాన్ల దారిలో ఉన్న ఈ తీరంలో పలకలు అమ్మేవాళ్లు మొట్టమొదట చెప్పాల్సిన సంగతి ఇదే. చాలామంది చెప్పరు.

పలక లోపల జరిగేది మాత్రం నాకు ఇప్పటికీ అబ్బురమే. 1839లో ఎడ్మండ్ బెకరెల్ అనే పందొమ్మిదేళ్ల ఫ్రెంచి కుర్రవాడు వెలుతురు పడితే కరెంటు పుట్టడం గమనించాడు. పనికొచ్చే సిలికాన్ పలక అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారయ్యేసరికి 1954 వచ్చింది. మీద పడిన ఎండలో అది 6 శాతాన్నే కరెంటుగా మార్చేది. ఇప్పటివి దాదాపు ఐదో వంతు మారుస్తున్నాయి. సిలికాన్‌లో రెండు రకాల పొరలు ఆనుకుని ఉంటాయి. వెలుతురు తగలగానే ఎలక్ట్రాన్లు విడివడతాయి, ఆ పొరల మధ్య ఉండే విద్యుత్ క్షేత్రం వాటిని ఒక వైపుకే తోస్తుంది. కదిలే భాగం లేదు, పొగ లేదు, చప్పుడు లేదు.

ఒక కిలోవాటు పలకలకు సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి, రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. పుదుచ్చేరి దాదాపు 12 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి పలకల్ని దక్షిణానికి అంత వాలుతో పెడితే సరిపోతుంది. మే నెల ఎండ మండుతోంది కాబట్టి కరెంటు బాగా వస్తుందనుకుంటారు. పలకకు కావాల్సింది వెలుతురు. వేడెక్కిన కొద్దీ దాని శక్తి తగ్గుతుంది.

పలకను పక్కన పెడితే, మిగతా విద్యుత్తు దాదాపు అంతా ఏదో ఒకటి తిప్పితే వచ్చేదే. అయస్కాంతం, తీగచుట్ట ఒకదాని దగ్గర ఒకటి తిరిగితే కరెంటు పుడుతుందని 1831లో ఫారడే చూపించాడు. రామగుండంలో తిప్పేది ఆవిరి, శ్రీశైలంలో నీళ్లు, తమిళనాడు దక్షిణ కొసన ముప్పందల్‌లో గాలి. గాలికి ఒక లక్షణం ఉంది: వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందుకే గాలిమరలు పెట్టడానికి అంత జాగ్రత్తగా చోటు వెతుకుతారు.

ఎండను కరెంటుగా మార్చకుండానే వాడుకునే దారి ఒకటుంది. ఊరికి ఉత్తరాన పది కిలోమీటర్ల దూరంలో ఆరోవిల్ సోలార్ కిచెన్ ఉంది. వెళ్లినప్పుడల్లా పైకప్పు మీద ఆకాశం కేసి తెరిచిపెట్టిన ఆ పెద్ద మూకుడు దగ్గరే ఆగిపోతాను. అడ్డంగా 15 మీటర్లు, లోపలంతా అద్దం ముక్కలు. సూర్యుడు కదులుతుంటే అంత బరువైన దాన్ని తిప్పడం ఎలా? తిప్పరు. గోళాకారపు అద్దం వెలుతురును ఒక బిందువులో కాకుండా ఒక గీత వెంట పోగు చేస్తుంది. సూర్యుడితోపాటు ఆ గీత జరుగుతుంది. కాబట్టి మూకుడు కదలకుండా ఉంటుంది, గీత మీద నిలవాల్సిన గొట్టం ఒక్కటే కంప్యూటరు సాయంతో సూర్యుణ్ణి అనుసరిస్తుంది. ఆ వేడి 150 డిగ్రీల ఆవిరై కిందున్న వంటపాత్రల్లోకి చేరుతుంది. మంచి ఎండలో రెండు పూటలూ వెయ్యిమందికి వండేంత ఆవిరి వచ్చేలా దీన్ని కట్టారు. మబ్బు రోజు కోసం పక్కన డీజిల్ బాయిలరు ఉంది. ఎండ రాని రోజుకు ఏం చెయ్యాలో కట్టేటప్పుడే ఆలోచించడం నాకు ఎంతో నచ్చిన విషయం.

తెలుగువారికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ తిరుమల. 2002లో అక్కడి నిత్యాన్నదానం కోసం షెఫ్లర్ డిష్‌లనే అద్దాల మూకుళ్లు 106 అమర్చారు. ఇవి సూర్యుడి వైపు తిరిగే రకం. రోజుకు నాలుగు వేల కిలోల ఆవిరి, పదిహేను వేలమందికి వంట అనే లెక్కతో చేసిన ఏర్పాటు అది. ఎన్ని లక్షలమంది ఆ అన్నం తిన్నారో! దాని కింద మండింది సూర్యుడని ఎంతమందికి తెలుసు?

ఎండను వేడిగానే పట్టే మంచి పరికరం అందులో సగానికి పైగా నిలుపుకుంటుంది. కరెంటుగా మార్చితే దక్కేది ఐదో వంతు. నీళ్లు కాచుకోవడానికి ముందు కరెంటు పుట్టించి, దాన్ని గీజరులో మళ్లీ వేడిగా మార్చడం ఎండను వృథా చేయడమే.

రాత్రి సంగతేమిటంటారా? శ్రీశైలం ఎడమ గట్టున 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. పైనుంచి నీళ్లు పడుతుంటే అవి కరెంటు ఇస్తాయి, కరెంటు మిగిలినప్పుడు వెనక్కి తిరిగి నీళ్లను పైకి తోడతాయి. కర్నూలు ప్రాంతంలోని పిన్నాపురంలో ఇదే పద్ధతిలో 1,680 మెగావాట్ల పథకం చేపట్టారు. పగటి ఎండను నీటి ఎత్తుగా దాచుకుని సాయంత్రం దించుకోవడమన్నమాట. ఇక మన ఫ్యానుకు బొగ్గు రాజేసే ఆ రామగుండంలోనే ఎన్‌టీపీసీ జలాశయం మీద 500 ఎకరాల్లో తేలే పలకలు 2022 జూలై నుంచి పూర్తి 100 మెగావాట్ల సామర్థ్యంతో పనిచేస్తున్నాయి. బొగ్గు కేంద్రం ముందు అది చిన్నదే, అయినా అక్కడ అది మొదలవడం నాకు సంతోషం.

ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల పలకలకు కేంద్రం 78,000 రూపాయలు ఇస్తోంది. మేడ ఉన్నవాళ్లు తప్పకుండా వాడుకోండి. సంతకం పెట్టేముందు మాత్రం మూడు సంగతులు అడగండి: లైను పోతే ఇల్లు వెలుగుతుందా, ఉప్పుగాలికి చట్రం తుప్పు పట్టదా, తుఫాను గాలికి బిగింపులు ఆగుతాయా. ఆ పథకంలో ఎండతో నీళ్లు కాచే హీటరుకు చోటు లేదు. ఈ ఊరి హాస్టళ్లకు, ఆసుపత్రులకు, కల్యాణమండపాలకు ముందుగా కావాల్సింది అదే. దానికీ అంతే సాయం చెయ్యమని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.