మోసిన భుజం, అడిగిన అక్క

చిలుకూరు బాలాజీ గుడిలో హుండీ లేదు, వీఐపీ దర్శనమూ లేదు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరితే 108. మొయినాబాద్ మండలంలోని ఈ గుడి అర్చకులు సి.ఎస్. రంగరాజన్ 2018లో జియాగూడ రంగనాథస్వామి ఆలయంలోకి ఓ దళిత భక్తుణ్ణి భుజాలపై మోసుకెళ్లారు. అచ్చం తిరుప్పాణాళ్వారును లోకసారంగ ముని మోసినట్టు!

ఈ సంగతే చేవెళ్లలో ఓ మహిళా సంఘం లీడరు దగ్గర ఎత్తాను. "మంచిపనే చేసిన్రు. గని మోసుడు ఒక్కనాటి ముచ్చట. ఆ పిలగాడు రోజూ తనంతట తాను గుళ్లెకు నడిచిపోవాలె గద మేడమ్?" అందామె. నిజమే కదూ!

మరి మీరు చేసే సేవ ఏమిటన్నాను. కిస్తీ నాడు ఎవరైనా రాకపోతే ఇంటికి వెళుతుందట. "ముందుగాల పైసలడగ. తిన్నవా అని అడుగుత." అప్పు మాత్రం వదిలిపెట్టరట సుమా! "తలా ఇంత ఏసి కడ్తం. కూలి దొరికినంక ఆమెనే ఇస్తది."