మూర్ఛవ్యాధి గల పిల్లల చదువు

తరగతిలో ఒక బాలునకు మూర్ఛ వచ్చినచో ఆనాటి పాఠము కొంతసేపు ఆగును. తరచుగా రెండు మూడు నిమిషములలోనే మూర్ఛ తగ్గి, బాలుడు మెల్లగా తేరుకొనును. కాని పెద్దపల్లి జిల్లా గ్రామములలోనేమి, మరియొకచోటనేమి, అంతటితో అతని చదువే ఆగిపోవుట కలదు. తల్లిదండ్రులు సిగ్గుపడి బిడ్డను ఇంటనే ఉంచుదురు; ఉపాధ్యాయులు భయపడి, నయమైన పిదప పంపుడందురు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రాథమిక విద్య ముగియువరకు ఏ బిడ్డను బడినుండి తొలగింపరాదు.

మూర్ఛ గాలి సోకుటవలన వచ్చునది కాదు. మెదడులోని కణములు సూక్ష్మమైన విద్యుత్ప్రేరణలతో పనిచేయును. అవి ఒక్కుమ్మడిగా అదుపు తప్పినపుడు మూర్ఛ వచ్చును. కాన్పువేళ బిడ్డకు ప్రాణవాయువు చాలకపోవుట, తలకు దెబ్బ తగులుట, మెదడువాపు మున్నగునవి కారణములు. కొందరిలో కారణమే కానరాదు. ఇది అంటువ్యాధి కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము ప్రపంచమున సుమారు 5 కోట్ల మందికి ఈ వ్యాధి కలదు. తగిన చికిత్స జరిగినచో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండ జీవింపగలరు.

అన్ని మూర్ఛలును నేలపై పడి కొట్టుకొనునవి కావు. కొందరు పిల్లలు పది సెకనులపాటు శూన్యముగా చూచి, ఏమియు జరుగనట్లు మరల వ్రాయసాగుదురు. దినమునకు అనేక పర్యాయము లిట్లు జరుగవచ్చును. ఉక్తలేఖనమున నడుమ నాలుగు మాటలు లోపించును. గురువు దానిని పరధ్యానమని తలచి కోపించును. ఆ క్షణములు జ్ఞాపకమున లేని బిడ్డ తన తప్పేమో యెరుగదు. ఇట్టి ఖాళీలున్న నోటుపుస్తకమును దాచి వైద్యునకు చూపవలెను. ఏ దినమున, ఏ వేళ, ఎంతసేపు అట్లుండెనో గురువు వ్రాసిన చిన్న చీటీ వైద్యునకెంతయో తోడ్పడును. మూర్ఛను చూచినది గురువే గాని వైద్యుడు కాదు గదా!

బిడ్డ పడిపోయినపుడు బల్లలను తొలగించి, తలక్రింద మెత్తని గుడ్డ నుంచి, ప్రక్కకు ఒత్తిగిలజేసి, గడియారము చూడవలెను. చేతిలో తాళపుచెవి పెట్టుట నిష్ప్రయోజనము. నోట చెంచా దూర్చుట, నీరు పోయుట అపాయకరము. 5 నిమిషములు దాటినను, తెలివి రాకమునుపే మరల వచ్చినను 108కి ఫోను చేయవలెను. తేరుకొనిన బిడ్డను కొంతసేపు నిద్రింపనిచ్చి, ఓపిక కలిగినచో ఆనాడే తరగతిలో కూర్చుండబెట్టుట మంచిది. తోటిపిల్లల బెదురు దానితో చాలవరకు తీరును.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున వైద్యబృందములు అంగన్‌వాడీలకును, ప్రభుత్వ పాఠశాలలకును వచ్చును. వారు పరీక్షించు వ్యాధులలో మూర్ఛయు నొకటి. ఆ దినమున బిడ్డను ఇంట దాచుట తగదు. ఆడపిల్ల విషయమున పెండ్లి చెడునని మరింత దాతురు. వివాహచట్టములలో మూర్ఛకు సంబంధించిన నిబంధనను 1999లోనే తొలగించిరి. ఊరివారి మనసులలో నది యింకను తొలగలేదు.

మందు ఒక్కపూటయైనను మానరాదు. మందువలన మత్తు కలిగి చదువు సాగనిచో వైద్యునకు చెప్పి మార్పించుకొనవలెనే గాని, తమంత తాము ఆపరాదు. ఆటలు మాన్పనక్కరలేదు, వ్యవసాయపు బావులలోను, మంథని వద్ద గోదావరిలోను ఒంటరిగా ఈతకు మాత్రము పంపరాదు. నిద్రలేమి మూర్ఛను రేపును. కావున పదవతరగతి పరీక్షల దినములలో రాత్రి జాగారము చేయింపక, వేళకు మందిచ్చి పెందలకడ పరుండబెట్టి, మిగిలిన పాఠమును తెల్లవారిన పిదప చదివింపవలెను.